రేగడిలో ఇల్లు అమ్మిన ఏడు

వారం రోజులుగా మా ఇంట్లో పుట్టీ వాసన తప్ప ఇంకో వాసన లేదు. గుంటూరులో ఏళ్ళ తరబడి ఉంటున్న ఈ రెండో అంతస్తు ఫ్లాట్ అమ్మేసి, చీరాలలో మా అక్క ఉండే వీధిలోనే మెట్లెక్కే పనిలేని చిన్న ఇల్లొకటి చూసుకోవాలని నా మోకాళ్ళూ మా ఆయన మోకాళ్ళూ కలిసి తీర్మానించాయి. అంతే, ఇంటి పెత్తనం బ్రోకరు చేతికి పోయింది. మనిషి మర్యాదస్తుడే, కాదనను, కానీ ఆయన ఆంక్షలు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. వంటింటి గట్టు మీద గిన్నె కనపడకూడదట, బాల్కనీలో బట్ట ఆరకూడదట, చెమ్మ దిగిన గోడకి పుట్టీ పామి రంగు కొడితే ఫోటోలో తెలియనే తెలియదట, హాల్లో ఉన్న కాబా పటం కూడా కొన్నాళ్ళు లోపల పెడితే మంచిదట, కొనేవాళ్ళు ఎవరైనా కావచ్చు కదా మేడమ్ అని. పటం దించేది లేదని, చెమ్మ సంగతి నా నోటితో నేనే చెబుతానని తేల్చేశాను. అయినా పనివాడు గోడని నున్నగా చేస్తుంటే అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాను, మా నాన్న గుర్తొచ్చి.

మా ఊరు చీరాల నుంచి లోపలికి పోతే, పత్తీ మిరపా తప్ప కంటికి మరొకటి ఆనని నల్లరేగడి మధ్య ఉంటుంది. రేగడిలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది, ఎండాకాలం నేల నెర్రెలిచ్చినట్టే గోడలూ బీటలు వారతాయి, నాలుగు వానలు పడి నేల ఉబ్బేసరికి ఆ బీటలు వాటంతటవే కలిసిపోతాయి. మా వంటింటి గోడలో ఒక బీట ఉండేది, మండుటెండల్లో మా అమ్మ అందులో దువ్వెన దోపుకునేది, వానలు ముదిరేసరికి దారం కూడా దూరేది కాదు. ఒక ఏడు అమ్మ దువ్వెన తీయడం మరిచిపోతే మళ్ళీ ఎండాకాలం దాకా గోడ ఇవ్వలేదని మా నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, అందులో నిజమెంతో నాకు తెలియదు.

నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. చదువు లేదు గానీ చదువంటే ప్రాణం, అందులోనూ మా అక్క చదువంటే మరీను. అక్క ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైంది, గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీ సీటు కూడా వచ్చింది. ఇక చూసుకోండి, ఇంట్లో రోజూ పంచాయితీయే. చీరాల కాలేజీలో మగపిల్లలుంటారని నాయనమ్మ, హాస్టల్లో ఉంచితే నాకు ముద్ద దిగదని అమ్మ, అసలింక చదువెందుకు, మేనత్త కొడుకు సిద్ధంగా ఉన్నాడు, నిఖా చేసేయండని పెదనాన్న. నాన్న అందరి మాటా విని, ఇల్లమ్మేసి అందరం గుంటూరు పోదామన్నాడు, దూదేకే విల్లు భుజాన వేసుకుంటే తనకి ఏ ఊరైనా ఒకటేనన్నాడు. పెదనాన్నకి కోపం వచ్చింది. కాలేజీ తెరిచేలోగా ఇల్లు అమ్ముడుపోతే సరే, లేదంటే పిల్ల పెళ్ళికి ఒప్పుకోవాలని షరతు పెట్టాడు, నాన్న ఆ మాటకి తలూపాడు. అక్క మాత్రం ఆ రోజు నుంచి వాకిట్లో సైకిలు బెల్లు మోగితే చాలు, చేతిలో పని వదిలేసి తొంగిచూసేది.

అందుకని నాన్న ఇంటిని ముస్తాబు చెయ్యడం మొదలెట్టాడు. రంజాన్‌కి ముందు మేమే కొట్టుకునే సున్నం చాలదనిపించి సిమెంటు తెప్పించి, నోళ్ళు తెరుచుకున్న బీటలన్నీ కుక్కి కుక్కి పూడ్చాడు. అమ్మ మొత్తుకుంది, ఎండల్లో బీట పూడ్చకూడదు, రేపు వానకి గోడ కదలాలంటే చోటుండదు అని. నీకు తెలియదులే అన్నాడు నాన్న, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంటి సంగతుల్లో ఎప్పుడూ అమ్మకే తెలిసేది. పైన మూడు పూతలు సున్నం కొట్టి, వీధి తలుపుకి ఆకుపచ్చ రంగు వేసి, పిల్లలు చేతులు పెడతారని తాళం వేసేశాడు. మేమంతా దొడ్డిదారిన తిరిగేవాళ్ళం. మల్లెపువ్వులా ఉంది ఇల్లు, మా ఇల్లేనా ఇది అని నేను వాకిట్లోకి వెళ్ళి మరీ చూసుకునేదాన్ని.

కాలేజీ తెరవడానికి ఇంకా కొద్దిరోజులే ఉందనగా చీరాల నుంచి ఒక బట్టల వ్యాపారి కుటుంబంతో సహా చూడటానికి వచ్చాడు. దానికి ముందు రెండు మూడు రోజులు ఎడతెరిపి లేని ముసురు. నాన్న కొత్త లుంగీ కట్టుకుని, ఎదురెళ్ళి తీసుకొచ్చి, తాళం తీసి తలుపు తోశాడు. తలుపు కదల్లేదు. నేల ఉబ్బింది, గోడకి కలుసుకుందామంటే సిమెంటు అడ్డం, ఆ నొక్కుడంతా పోయి తలుపు చట్రం మీద పడింది. దొడ్డిదారిన తీసుకెళ్ళొచ్చు, కానీ మొదటిసారి వచ్చినవాళ్ళని దొడ్డిదారిన ఎలా రమ్మంటాం అని నాన్న పంతం. భుజంతో తోశాడు, కాలితో తన్నాడు, చివరికి పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ వచ్చి ఏరా పట్టండ్రా అని కేకలేసుకుంటూ ఒక్క తోపు తోసేసరికి తలుపు తెరుచుకుంది, దాంతోపాటే పైనున్న సిమెంటు పెచ్చు ఊడి ఆ వ్యాపారి తెల్లచొక్కా మీద పడింది. కబురు చేస్తామని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నాన్న ఆ పూటంతా అరుగు మీదే కూర్చున్నాడు, అన్నానికి రమ్మన్నా రాలేదు. అక్క వంటింట్లో అమ్మ పక్కన చేరి, పోనీలే అమ్మా, పెళ్ళి చేసుకుంటాలే, నాన్నని బాధపడొద్దని చెప్పు అంది.

మర్నాడు పొద్దున అమ్మ కొంగు బిగించి గునపం తీసుకుంది. నాన్న పూడ్చిన బీటలన్నిటినీ తవ్విపారేసింది. నాన్న చూస్తూ ఊరుకున్నాడు, అక్కా నేనూ పెచ్చులు ఎత్తిపోశాం. ఆ వారంలోనే పిల్లల్ని హైస్కూల్లో వేయడానికి మా ఊళ్ళో ఇల్లు వెతుక్కుంటూ ఒక మిరప రైతూ భార్యా వచ్చారు. అమ్మ ఎవర్నీ మాట్లాడనివ్వలేదు, ఆవిడ చెయ్యి పట్టుకుని గది గదీ తిప్పింది, ఇది ఎండాకాలం ఇంత విచ్చుతుంది, ఇది వానకి కలుస్తుంది, ఇక్కడ మాత్రం కురుస్తుంది, గంగాళం పెట్టుకోవాలి అని ఒక్కటీ దాచకుండా చెప్పుకుపోతుంటే, అయిపోయింది మా బేరం అని నాన్న తల పట్టుకున్నాడు. ఆవిడ అంతా విని అంది:

"మాదీ రేగడేనక్కా. బీట కనపడకపోతేనే నాకు భయం."

అనుకున్నదానికన్నా తక్కువకే పోయింది ఇల్లు. కానీ పోయింది, కాలేజీ తెరిచేలోగానే పోయింది. అక్క ఆ రోజు ఏడ్చిన ఏడుపు నిఖా ఖాయమైనా ఏడ్చి ఉండేది కాదు.

గుంటూరులో రెండు గదుల అద్దె ఇంట్లో దిగాం. అక్క బీఎస్సీ, బీఈడీ చేసి టీచరైంది, అక్క వెనకే నేనూ చదువుకున్నాను. ఇంటి డబ్బు మా ఇద్దరి చదువుల్లో కరిగిపోయింది, నాన్న మళ్ళీ సొంత గోడ అనేది కట్టుకోలేదు. దిగులుపడేవాడా అంటే పైకి ఎన్నడూ కనపడనివ్వలేదు, కానీ మా ఊరి నుంచి ఎవరొచ్చినా ముందుగా ఇల్లెలా ఉందని అడిగేవాడు, మనుషుల్ని తర్వాత అడిగేవాడు.

అక్క ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే నాన్న గుండెపోటుతో పోయాడు. తనని మా ఊళ్ళో వాళ్ళ అమ్మానాన్నల పక్కన మట్టి చేయమనేవాడు, అందుకని వ్యానులో తీసుకెళ్ళాం. ముందు పెదనాన్న ఇంట్లో దించుదామనుకున్నాం, ఆయనది ఇరుకిల్లు, ఆ సందులోకి వ్యాను తిరుగుతుంటే మా పాత ఇంటి ముందు ఆ రైతు భార్య రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొట్టినా కదల్లేదు.

"ఆయన ఇల్లు ఇక్కడ పెట్టుకుని ఎక్కడికి తీసుకుపోతున్నారు? దించండి."

అప్పటికే ముందుగదిలో మిరపకాయల బస్తాలన్నీ దొడ్లోకి మార్పించింది, నీళ్ళు తోడించి పెట్టింది. వాళ్ళ దేవుడి పటాలున్న ఆ గదిలోనే మా పెద్దలు దువా చదివారు. జనాజా మా ఇంట్లో నుంచే లేచింది. నాన్న తను కట్టిన ఇంట్లో నుంచే వెళ్ళాడు.

నిన్న మా ఫ్లాటుకి బేరం కుదిరిందని బ్రోకరు ఫోన్ చేశాడు. కొనేవాళ్ళెవరు, ఏం చేస్తారు, ఇంటావిడతో ఒకసారి మాట్లాడనివ్వమని అడిగితే, అలా మాట్లాడితే బేరాలు చెడతాయి మేడమ్, రిజిస్ట్రేషన్ రోజు ఎలాగూ కనపడతారు కదా అన్నాడు. మన రోజుల్లో ఇల్లమ్మితే ఇంకో కుటుంబంతో చుట్టరికం కలిసేది, ఇప్పుడు మనిషికి మనిషి ఎదురుపడకుండానే ఇళ్ళు చేతులు మారుతున్నాయి. ఈ మాటే అక్కకి ఫోన్లో చెప్పుకుని వాపోయాను.

"నాన్న అమ్మి కూడా ఆ ఇల్లు పోగొట్టుకోలేదే," అంది అక్క. "మనం అమ్మితే మాత్రం అమ్మినట్టే."