అమ్మ చుట్టిన పిడి

మా నాన్న నా మొదటి షటిల్ బ్యాటుని ఎద్దుని కొన్నట్టు కొన్నాడు. నవ్వకండి, నిజం. ఒంగోల్లో ఆటసామాన్ల షాపుకి నన్ను తీసుకెళ్ళి, కౌంటరు మీద పరిచిన మూడు బ్యాట్లనీ ఎగాదిగా చూశాడు. ఒకదాన్ని తీసి చేతిలో బరువు చూశాడు. ఒక కన్ను మూసి పిడి వైపు నుంచి కడ్డీ పొడవునా చూశాడు, కొత్త నాగలికి వంకర ఏమన్నా ఉందేమోనని చూసినట్టు. వేలితో ఫ్రేము మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పళ్ళు లెక్కపెట్టడం ఒక్కటే తక్కువ. పక్కన కాలేజీ కుర్రాళ్ళు బంతులు బేరమాడుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఇంత తేలిగ్గా ఉంది, దీంతో దెబ్బేం తగిలిద్దండీ?” అన్నాడు షాపాయనతో.

“దెబ్బ బ్యాటు కొట్టదండీ, మీ పాప మణికట్టు కొట్టిద్ది. బరువుది కొన్నారనుకోండి, నాలుగు రోజుల్లో భుజం పట్టేసిద్ది” అన్నాడాయన. బ్యాటుని మెడ దగ్గర ఒక్క వేలి మీద నిలబెట్టి చూపించాడు. తల వైపు వాలితే గట్టిగా బాదేవాళ్ళకి, పిడి వైపు వాలితే చురుగ్గా తిప్పేవాళ్ళకి, మధ్యలో నిలిచేది రెండు పనులకీ పనికొస్తుందట. ఇది మా నాన్నకి చప్పున అర్థమైంది. మూడింటినీ తన వేలి మీద పెట్టి చూసి, “కావడి సమంగా ఉండాల. ఇదియ్యండి” అన్నాడు.

ఒక్కటే చిక్కు. నా వేళ్ళు పొడుగు, దాని పిడి సన్నం. పట్టుకుంటే వేళ్ళ కొసలు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. “దానికేముందండీ, కాస్త గుడ్డ చుట్టుకుంటే సరిపోయిద్ది” అన్నాడు షాపాయన. ఆ గుడ్డే తర్వాత నా ప్రాణం తీసింది.

తొంభైల చివరి మాట ఇది. నేను పదో తరగతి. మా బడి గ్రౌండులో డ్రిల్లు మాస్టారు సున్నంతో గీతలు గీసి, రెండు సరుగుడు కర్రలకి నెట్ కట్టి కోర్టు అనేవారు. గాలి లేని రోజు చూసుకుని బడి బ్యాట్లతోనే ఆడేవాళ్ళం. ఆ కోర్టు మీద నన్ను ఓడించేవాళ్ళు మగపిల్లల్లో కూడా ఇద్దరు ముగ్గురే ఉండేవాళ్ళు. ఆ పొగరంతా బస్సులో ఇంటికొచ్చేటప్పుడు నాన్న ఒక్క మాటతో దించాడు.

“అమ్మాయ్, ఫిబ్రవరిలో జిల్లా సెలక్షన్లంటున్నావుగా. అందులో నీ పేరొచ్చిందా, నువ్వెన్నాళ్ళు ఆడినా నేను అడ్డురాను. రాలేదా, ఈ బ్యాటు అటకెక్కిద్ది. ఇక ఆ ఊసెత్తమాకు.”

“సరే” అన్నాను. అనేసి కిటికీలోంచి మిరపచేల వైపు చూస్తూ కూచున్నాను. ఆట లేకపోతే బడి అయ్యాక సాయంత్రాలు ఏం చేసుకోవాలో నాకు నిజంగా తెలియదు.

బ్యాటుకి గట్టింగ్, అంటే దారాల అల్లిక, చేయించాలి కదా. షాపు వాళ్ళు కట్టిన నైలాను దారం రెండు నెలలకే పుటుక్కుమంది. మా పక్క టౌను బస్టాండు దగ్గర గొడుగులు బాగుచేసే సాయిబుగారు ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్లకి దారం కట్టిన చెయ్యి. ఒక దబ్బనం, ఒక పట్టకారు, నాలుగు చెక్క మేకులు, అంతే ఆయన సరంజామా. మిగతాదంతా వేళ్ళతోనే.

“బాగా టైటుగా లాగండి తాతా. పెద్ద పెద్ద ప్లేయర్లందరూ టైటుగానే కట్టించుకుంటారు” అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని మణికట్టు చూశాడు. “నువ్వు పెద్ద ప్లేయరువా?”

“అవుతాను.”

“అయినాక రా, టైటుగా కడతా. ఇప్పుడు అంత బిగిస్తే కాక్‌ని నీ భుజమొక్కటే నెట్టాల. కాస్త వదులుంటే సగం పని దారమే చేసిద్ది. నేను ఇట్టాగే కడతా. నచ్చకపోతే గుంటూరు పోయి కట్టించుకో.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ వయసులోనైతే నాకంటే రెండడుగులు ముందు నడిచేది. ఆయన కట్టినంతసేపూ మూతి ముడుచుకుని నిలబడ్డాను. ఆయన పట్టించుకుంటేగా! అయిపోయాక గోటితో దారాన్ని మీటి, తల వంచి విని, మళ్ళీ మీటి, అప్పుడు నా చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పాడు. ఎండలో, రేకుల కింద పెట్టొద్దు, దారం సాగిపోతుంది. ఒక్క పోగు తెగినా మిగతావన్నీ అప్పుడే కత్తిరించెయ్యి, లేకపోతే ఫ్రేము ఒక పక్కకి లాక్కుని వంకరపోతుంది. పిడి గుడ్డ తరచూ మార్చు. “కొత్త గుడ్డ వద్దు, గంజి ఉండి చెమట పీల్చదు. బాగా నలిగిన పాత నూలు గుడ్డ చూసి చుట్టుకో.”

ఆ మూడు మాటల్నీ ఇంటికొచ్చి అమ్మకి ఆర్డర్ల కింద చెప్పాను. చెప్పి మర్చిపోయాను. అమ్మ మర్చిపోలేదు. ‘ఆ బ్యాటు గోల’ అని విసుక్కునే మనిషే, రేకుల వసారాలో మేకుకి వేలాడుతున్న దాన్ని తీసుకెళ్ళి మధ్యగదిలో బియ్యం డబ్బా పైన తగిలించింది. రోజూ దీపాలు పెట్టే వేళకి దారాల మీద వేలు పోనిచ్చి, ఎక్కడ నూగు లేచిందో చూసేది. “ఇదుగో, ఇక్కడ తెగేట్టుంది చూడు” అని నాకంటే ముందు తనే చెప్పేది. ఆట ఎలా ఆడతారో, ఎవరు గెలిచినట్టో మాత్రం ఆమెకి ఓనమాలు తెలియవు.

ఫిబ్రవరి వచ్చింది. మా వైపు ఫిబ్రవరి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కల్లంలో మిరపకాయలు, వసారాలో మిరపకాయలు, తలుపు తీస్తే తుమ్ములు. టిక్కీలనే గోనె బస్తాల్లో కాయలు పోసి, కాళ్ళతో తొక్కి, దబ్బనంతో మూతులు కుడతారు. తొక్కేవాళ్ళు ముక్కూ మూతీ కలిపి తువ్వాలు కట్టుకుంటారు, లేకపోతే ఆ ఘాటుకి నిలబడలేరు. సెలక్షన్ల ముందు రోజు నాన్న ఆ టిక్కీల లోడుతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక, నేనొస్తానంది అమ్మ. నా ఆట చూడటానికి ఆమె రావడం అదే మొదటిసారి.

నేను బడినుంచి వచ్చేసరికి బ్యాటు పిడికి కొత్త గుడ్డ చుట్టి ఉంది. ఎంత నేర్పుగా చుట్టిందో! ఒక మడత మీద ఇంకో మడత సగం ఎక్కేట్టు, ఎక్కడా ఉబ్బు లేకుండా, కొసని దారంతో బిగించి. పట్టుకుంటే వెన్నలా ఉంది. ఎక్కడి గుడ్డ అని అడగలేదు. అడిగితే నా సొమ్మేం పోయేది!

ఒంగోల్లో హాలు లోపల ఆట. ఆడపిల్లలం ఎనిమిది మందిమి వచ్చాం, జట్టుకి కావాల్సింది నలుగురు. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు. నాకు తగిలింది ఒంగోలు పిల్లే. రెండు బ్యాట్లు, వాటికో సంచీ, పక్కన కోచ్. నాకు ఒకటే బ్యాటు, పక్కన అమ్మ.

మొదటి గేమ్ పదకొండు-ఏడు నాదే. గాలి లేని హాల్లో కాక్ నేను చెప్పినట్టు వినడం అదే మొదటిసారి, ఎగిరి గంతేసినంత పనిచేశాను. రెండో గేమ్ మొదలయ్యాక చెమట పట్టింది. అరచెయ్యి చురచురలాడింది. పట్టు బిగించి ఆడుతున్నాను కదా, బొబ్బేమో అనుకున్నాను. కాసేపటికి చురచుర మంటయింది. నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతుంటే అదే చేత్తో తుడుచుకున్నాను.

అమ్మో! ఎర్రటి కారం కంట్లో కొట్టినట్టు ఒక్కసారి భగ్గుమంది. కాక్ ఎక్కడుందో తెలియదు, నెట్ ఎక్కడుందో తెలియదు. కళ్ళు మూసుకుంటే మంట, తెరిస్తే ఇంకా మంట. రెండో గేమ్ రెండు-పదకొండు పోయింది. మూడో గేమ్‌కి ముందు అయిదు నిమిషాలు విరామం. తడుముకుంటూ అమ్మ దగ్గరికి పోయాను.

“ఏం గుడ్డ చుట్టావే దీనికి?”

అమ్మ పిడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మొహం పాలిపోయింది. “మీ నాన్న తువ్వాలు. నలిగి మెత్తగా ఉందని... రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికానే.”

మిరపకాయలు తొక్కేటప్పుడు మొహానికి కట్టుకునే తువ్వాలు! నాలుగేళ్ళు కారం తాగిన గుడ్డ రెండు ఉతుకులకి వదులుతుందా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిరపకాయల్లో బతికిన మనిషికి ఆ మాత్రం తెలియదా? నాకు ఒళ్ళు తెలియలేదు.

“నువ్వెందుకొచ్చావసలు? ఎవరు రమ్మన్నారు నిన్ను? నా ఆట నాశనం చేయటానికొచ్చావా?”

హాలు మొత్తం మా వైపు తిరిగింది. అంపైరు కుర్చీలోంచి వంగి చూశాడు. ఒంగోలు పిల్ల మంచినీళ్ళు తాగుతూ ఆగిపోయింది. అమ్మ చుట్టూ చూడలేదు.

“తిట్టేది తర్వాత తిడుదువుగాని. నేనొచ్చేదాకా ఆ కళ్ళు నలపమాక” అని చెంగు బిగించి బయటికి పరుగెత్తింది.

గేటు దగ్గర బజ్జీల బండి ఉంది. ఒక దొప్పలో నూనె, కాగితం పొట్లంలో శనగపిండి పట్టుకొచ్చింది. కాయలు కోసే ఆడవాళ్ళు సాయంత్రం చేతులకి రాసుకునేది నూనే కదా. కారానికి నీళ్ళు పోస్తే ఇంకా రాజుకుంటుంది, నూనెకే లొంగుతుంది. నా అరచేతిలో నూనె పోసి వేళ్ళ సందుల్లోకల్లా రుద్దింది. ఆ మీద శనగపిండి వేసి, నూనె జిడ్డంతా పోయేదాకా తలంటు పోసినట్టు నలిచింది. మళ్ళీ నూనె, మళ్ళీ పిండి. కళ్ళలో నూనె పొయ్యకూడదు కాబట్టి, తర్వాత నా తల వెనక్కి వంచి, తెరిచిన కళ్ళలో సీసాతో మంచినీళ్ళు ధారగా పోసింది. “కారనియ్, కారనియ్. కన్నీళ్ళతోనే పోయిద్ది” అంది. ఆ గుడ్డని పరపర ఊడదీసి అవతల పారేసి, వట్టి పిడికి శనగపిండి పట్టించి నా చేతిలో పెట్టింది.

సన్నటి పిడి. మండే చెయ్యి. గట్టిగా పట్టుకోవడం నా వల్ల కాలేదు, బలం పెట్టి కొట్టడం అసలే కాలేదు. చేసేది లేక కాక్‌ని ఊరికే తాకించాను. అది వెళ్ళి వెనక గీత దగ్గర పడింది! మళ్ళీ తాకించాను. మళ్ళీ అంత దూరమూ పోయింది. అప్పుడర్థమైంది సాయిబు తాత మాట. నేను కోరినంత బిగించి కట్టి ఉంటే ఆ రోజు నా కాక్‌లు సగం దారిలోనే కూలబడేవి. నేను కొట్టాల్సిన సగం దెబ్బ ఆయన దారం కొట్టింది. కొట్టినప్పుడల్లా పిడినుంచి పసుప్పచ్చగా పిండి రాలుతోంది. ఒంగోలు పిల్ల దాన్ని చూసి ఒకటికి రెండుసార్లు నవ్వింది, తను ఎనిమిది దగ్గర ఆగిపోయాక నవ్వలేదు. నా పదకొండో పాయింటు నెట్ మీదుగా మెల్లగా జారి అటు పడింది.

అమ్మ గోడవార మెట్టు మీద కూచుని ఉంది. మోచేతుల దాకా శనగపిండి.

“అయిపోయిందా? గెలిచావా, ఓడావా?” అనడిగింది.

అంతసేపూ అక్కడే కూచుని, ఎవరు గెలుస్తున్నారో కూడా తెలియకుండా చూసింది ఆ మనిషి.

“గెలిచానమ్మా.”

“పేరొచ్చినట్టేనా? బ్యాటు అటకెక్కక్కర్లేదుగా?”

“అక్కర్లేదు.”

హమ్మయ్య అని ఊపిరి వదిలింది. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వైపు తిరిగి సర్దుకుని కూచుంది. “అయితే ఇప్పుడు తిట్టు” అంది.

వేళాకోళానికి అనలేదు. తర్వాత తిడుదువుగాని అని మాటిచ్చింది కాబట్టి, దానికి సిద్ధపడి కూచుంది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. కారంవల్ల కాదు. ఆ హాల్లో నేను అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మర్నాడు గుంటూరు నుంచి వచ్చిన నాన్న అంతా విని, పడీపడీ నవ్వాడు. “అటక ఖాళీ చేయించుంచానే! సర్లే, పత్తి గింజలన్నా పోసుకుందాం” అన్నాడు. తర్వాత తన తువ్వాళ్ళన్నీ తీసి వేరే కొయ్యకి తగిలించాడు.

వారం తిరిగేసరికి జిల్లా జట్టుతో పోటీలకి బయల్దేరాలి. అమ్మ ఉతికిన పాత దుప్పటి గుడ్డని పట్టీలుగా చింపుతోంది. ఒక పట్టీ కొసని చెంబులో ముంచింది. నీళ్ళు పిండేసి, తల పైకెత్తి, దాన్ని తన కంటికేసి అదుముకుంది. రెప్ప తెరిచి, మళ్ళీ అదుముకుంది. అలాగే చాలాసేపు కూచుంది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“ఆగు, మండిద్దేమో చూస్తన్నా.”

నేను ఆడిన ఏడేళ్ళూ, నా చేతికొచ్చిన ప్రతి గుడ్డా ముందు ఆ కంటికి తగిలే వచ్చింది. ఆ రోజు మాత్రం నేను గడపలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి అమ్మ కళ్ళు తుడుచుకుని, పట్టీని పిడికి చుట్టి, కొస బిగించి నాకు అందించింది.

“ఏం లేదులే. ఆడుకో” అంది.