అక్క చేతులతో చదివిన కీర్తన

మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. రాజమండ్రిలో మా ఇంటికి చర్చి రెండు వీధుల అవతల. ప్రతి ఆదివారం అమ్మ, అక్క, నేను ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో కూర్చునేవాళ్ళం. అందరూ పాడుతుంటే అక్క పెదాలు కదిపేది. ప్రసంగం మొదలయ్యాక ఇక ఆమెకు చేసేదేమీ ఉండేది కాదు. బధిరుల బడి హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైన మనిషి, పేరున్న టైలరు దగ్గర జాకెట్లు కుట్టే మనిషి, ఆ గంటసేపూ ఫ్యాన్ల వంక చూస్తూ కూర్చునేది.

"ఏమంటున్నారు?" అని మోచేత్తో పొడిచేది. "ఇంటికెళ్ళాక చెబుతాను" అని సైగ చేసేదాన్ని. ఇంటికెళ్ళాక వంట, భోజనాలు, టీవీలో సినిమా. ఒక్కసారి కూడా చెప్పలేదు.

తొంభైల మధ్యలో, నేను కోటిపల్లి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో పనిచేస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం ప్రసంగం మధ్యలోనే అక్క గట్టిగా చేతులు ఊపింది. "వచ్చేవారం నేను రాను. నన్ను తెచ్చి ఇక్కడ కూర్చోబెడుతున్నారంతే. నాతో ఎవరూ మాట్లాడటం లేదు."

నేను కంగారుపడి అప్పటిదాకా విన్నదంతా గబగబా సైగల్లో చెప్పడం మొదలుపెట్టాను. వేదిక మీది నుంచి పాస్టరుగారు చూడనే చూశారు. ఆయన ఆ ఏడాదే పాలకొల్లు నుంచి బదిలీ మీద వచ్చారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపారు. చీవాట్లు తప్పవనుకున్నాను.

"ఏంటమ్మా, ఇందాక మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు?"

"మీరు చెప్పిందే చెబుతున్నానండి. అక్కకు వినపడదు."

ఆయన అక్క వైపు తిరిగి, "అంటే ఇన్ని వారాలూ నేను ఈ అమ్మాయికి ఏమీ చెప్పలేదన్నమాట" అన్నారు. "వచ్చేవారం నువ్వు నా పక్కన నిలబడి చెప్పమ్మా. ప్రసంగం శనివారమే రాసిస్తాను."

ఆ శనివారం మధ్యాహ్నం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. 'కృప' దగ్గర నా చేతులు ఆగిపోయాయి. అక్క ఆలోచించి, నా పిడికిలి విప్పి, అరచేతిలో ఏదో పెట్టి మళ్ళీ మూసింది. అడగకుండానే ఇచ్చినట్టు. ఆ రోజు నుంచి మా చర్చిలో కృపకు అదే సైగ.

నేను వేదిక పక్కన నిలబడ్డ సంగతి ఊళ్ళో వినపడని వాళ్ళందరికీ నెలలోపే తెలిసిపోయింది. అక్కతో పాటు బడిలో చదివిన ఇద్దరు మగపిల్లలు వచ్చారు. ఒక మెకానిక్, ఆయన భార్య వచ్చారు. గోదావరి రేవులో చేపలమ్మే ఆవిడ, నుదుట పెద్ద బొట్టుతో, గంప వరండాలో దించి లోపలికొచ్చి అక్క పక్కన కూర్చుంది. ఆవిడకు బడి సైగలు రావు. అయినా ప్రతివారం వచ్చేది. తనతో మాట్లాడేవాళ్ళు ఉన్న చోటు ఊళ్ళో అదొక్కటేనని తన సొంత సైగల్లోనే అక్కతో చెప్పిందట.

మూడో నెలలో సంఘపెద్ద అభ్యంతరం చెప్పారు. రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి, మాటంటే అందరికీ గౌరవం. ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోమని, "ఆ పిల్లల మీద నాకు కోపం లేదండి. కానీ జనం వాక్యం వినడం మానేసి ఈ అమ్మాయి చేతులు చూస్తున్నారు. బొట్టు పెట్టుకుని వచ్చేవాళ్ళు వస్తున్నారు. సాయంత్రం పూట హాల్లో వేరే పెట్టుకోమనండి" అన్నారు.

పాస్టరుగారు లేచేలోపు మొదటి బెంచీలోంచి సంఘపెద్దగారి భార్య లేచి, "ఏమంటున్నారండి?" అని అడిగారు. గొంతు మరీ పెద్దగా వచ్చింది, తన మాట తనకే వినపడనట్టు. ఆయన చేత్తో కూర్చోమన్నట్టు చూపించారు.

నాకెక్కడి ధైర్యమో, ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ, చేతులతో చూపిస్తూ అంతా చెప్పాను. ఆవిడ నా మొహం మీంచి చూపు తిప్పలేదు. తర్వాత భర్త వైపు తిరిగారు.

"నాకు జ్వరమొచ్చి చెవులు పోయి పన్నెండేళ్ళయిందండి. మీకు చిన్నతనమని ఎవరికీ చెప్పలేదు. అందరూ లేస్తే లేస్తున్నాను, కూర్చుంటే కూర్చుంటున్నాను. ఈ మూడు నెలలే, ఈ పిల్లను చూసి, సగమైనా తెలుసుకుంటున్నాను. వీళ్ళను హాల్లోకి పంపితే నేనూ అక్కడికే వెళతాను."

అని, బైబిలు చంకలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా మూడో బెంచీకి నడిచి వచ్చారు. చేపలావిడ జరిగి చోటిచ్చింది. సంఘపెద్దగారు, "నేను చెప్పింది తప్పండి. వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. అంతమందిలో ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకిప్పుడు అర్థమవుతుంది.

తర్వాత శనివారాల్లో అక్క హాల్లో సైగలు నేర్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు పలకాబలపం పట్టుకున్నట్టు వచ్చి ముందు వరసలో కూర్చున్నది సంఘపెద్దగారే. పెళ్ళాంతో పోట్లాడటానికైనా రావాలి కదమ్మా అన్నారు.

మా చర్చిలో ఏడాదికోసారి స్త్రీల ఆదివారం ఉంటుంది. ఆ రోజు ఆరాధనంతా ఆడవాళ్ళే నడుపుతారు. ఆ ఏడాది కీర్తన పఠనం అక్కకిచ్చారు. తనే కుట్టుకున్న ఆకుపచ్చ జాకెట్టు, తెల్లచీర, నెత్తిన కొంగు. మెట్లెక్కి వేదిక మీద నిలబడింది. ఇన్నాళ్ళూ పాస్టరుగారికి చేతులు నేను. ఆ రోజు అక్కకు గొంతు నేను.

ఆమె చేతులు తొందరపడలేదు. కీర్తనలో నీళ్ళ మాట వచ్చినచోట రెండు చేతులూ చాచి, ఇటు గట్టు నుంచి అటు గట్టుదాకా గోదావరంత నీళ్ళు మా ముందు పరిచింది. ముగించాక చప్పట్లు లేవు. అక్క నేర్పినట్టు, మూడో బెంచీలో చేతులు పైకి లేచి గాలిలో ఆడాయి. వెనక బెంచీలు, మగవాళ్ళ వైపు బెంచీలు, చివరికి గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా చేతులెత్తారు. నిశ్శబ్దంగా అంతమంది చేతులు. అక్క వేదిక దిగకుండా అవన్నీ తనివితీరా చూసింది.

కిందికొచ్చాక కౌగిలించుకుంటుందనుకున్నాను. "ఒక వాక్యం మింగేశావు" అని సైగ చేసింది. నిజమే. ఆ నీళ్ళ వాక్యం దగ్గర పెదాలు కదపడం మరిచి, ఆమె చేతులే చూస్తూ ఉండిపోయాను.