గురువారం ఉతికిన బట్టలు

సౌతాంప్టన్‌లో మా వీధి ఆడవాళ్లు ఓడ బయలుదేరే రోజున ఇంట్లో బట్టలు ఉతికేవారు కాదు. ఉతికితే ఆ నీళ్లతోపాటు ఓడెక్కిన మనిషి కూడా సముద్రంలోకి కొట్టుకుపోతాడని భయం. న్యూయార్క్ వెళ్లే పెద్ద ఓడ గురువారం మధ్యాహ్నం కదిలేది కాబట్టి, ఓడ రాని వారమైనా సరే, ఆ రోజు మా పెరళ్లలో బట్టలారేసే తీగలన్నీ ఖాళీగా ఉండేవి. ఈ పట్టింపును అందరికంటే గట్టిగా పాటించింది మా పక్కింటి ఎడ్నా ప్రాగ్నెల్.

మేమిద్దరం రేవు దగ్గర లాండ్రీలో పనిచేసేవాళ్లం. ఇస్త్రీ చేసే వేడి రోలర్ల మధ్య నుంచి దుప్పటి బయటికి రాగానే ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుని మడతపెట్టాలి. ఇరవై ఏళ్లు అలా ఎదురెదురుగా నిలబడ్డాం. ఆమె భర్త విల్ఫ్ ఆ పెద్ద ఓడలోనే మొదటి తరగతి భోజనశాలలో వడ్డించేవాడు. యుద్ధంలో సైనికులను మోసిన ఓడకు మళ్లీ రంగులు వేసి, తివాచీలు పరిచి, ప్రయాణికులను ఎక్కించిన ఏడాదే వాళ్ల పెళ్లయింది. ఓడ రెండు వారాలకోసారి మంగళవారం వచ్చేది, గురువారం పోయేది. విల్ఫ్‌కు ఇంట్లో దొరికేవి రెండు రాత్రులు. సరిగ్గా ఆ రెండు రోజులే మాకు ఊపిరాడని పని. ఓడలోని దుప్పట్లు, తువ్వాళ్లు, బల్లగుడ్డలు వేలకొద్దీ దిగేవి. గురువారం పొద్దున్నకల్లా అవి తెల్లగా తిరిగి ఎక్కాలి.

ఒకసారి ఎడ్నా బుధవారం సెలవడిగింది. మా మీద పెత్తనం చేసే మిసెస్ నెల్లర్ తలెత్తనైనా లేదు.

“నీ మొగుడు రేపటిదాకా ఎక్కడికీ పోడమ్మా. పొద్దున్నకల్లా పోవాల్సినవి ఈ దుప్పట్లు. పట్టు, పట్టు.”

అలా మొగుడు ఇంట్లో ఉంటే, ఆమె అతని ఓడ దుప్పట్లు మడతపెడుతూ ఉండిపోయేది. ఓడ నుంచి వచ్చిన బల్లగుడ్డలు విప్పే కుర్ర అమ్మాయిలు ఆమెను ఆటపట్టించేవారు.

“ఇదిగో ఎడ్నా, మీ ఆయన బల్లగుడ్డ! ఏ కోటీశ్వరుడి ఒళ్లో గ్రేవీ పోశాడో చూడు!”

“మా విల్ఫ్ చేతిలోంచి చుక్క జారదు. అది పక్క బల్ల పెర్సీగాడి నిర్వాకం.”

“నీకేం తెలుసు? ఆయన వడ్డిస్తుంటే నువ్వెప్పుడైనా చూశావా ఏంటి?”

చూడలేదు. ఎడ్నా నవ్వేసేది. నాతో మాత్రం అనేది: “ఆ ఓడ ఏదో ఒకనాడు ఆగకపోదు మేవిస్. ఆ రోజు మొదలవుతుంది మా కాపురం.” పిల్లలు లేరు వాళ్లకు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె రోజులు దొర్లించింది.

జెట్ విమానాలు వచ్చాయి. ఐదు రోజుల సముద్రాన్ని జనం ఏడెనిమిది గంటల్లో దాటేస్తున్నారు. చివరి చలికాలాల్లో ఓడ దుప్పట్లు సగానికి సగం మడత విప్పకుండానే మా దగ్గరికి తిరిగొచ్చేవి. అయినా మళ్లీ ఉతికేవాళ్లం. తినేవాళ్లకంటే వడ్డించేవాళ్లే ఎక్కువగా ఉన్నారని విల్ఫ్ చెప్పాడట. అరవై ఎనిమిది అక్టోబరులో ఓడను అమ్మేశారు. విల్ఫ్ తన రెండు తెల్లకోట్లు పెట్టెలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఎడ్నా మంచి పింగాణీ తీసింది, మాంసం కాల్చింది. రెండు రోజులు వాళ్లింట్లోంచి నవ్వులు వినిపించాయి.

మూడో రోజు గురువారం. పొద్దున్నే ఎడ్నా అలవాటు కొద్దీ అతని బూట్లు తుడిచి వీధి తలుపు దగ్గర పెట్టింది. చూసి ఇద్దరూ పగలబడి నవ్వారని తనే చెప్పింది. ఆ తర్వాత అతను బూట్లు తొడుక్కుని రేవుకు వెళ్లి, సాయంత్రం వచ్చాడట.

ఆ చలికాలంలో ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. విల్ఫ్ బల్ల మీద కత్తులు, ఫోర్కులు కొలిచినట్టు పేర్చాడు. ఓడలో పద్ధతి ప్రకారం మాకు ఎడమవైపు నుంచి వడ్డించి, వెళ్లి ఎడ్నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

“కూర్చో విల్ఫ్.”

“మీరు కానివ్వండి. నేను తర్వాత తింటాను.”

“ఇరవై ఏళ్లు ఒంటరిగా తిన్నాను. నువ్వొచ్చాక నెత్తి మీద ఒక మనిషి నిలబడి ఉండగా తింటున్నాను. కూర్చుంటావా లేదా?”

కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు. కాసేపటికి, “బంగాళాదుంపలు ఇంకొంచెం తెమ్మంటారా?” అని లేచాడు.

మర్నాడు దుప్పటి రెండో కొస పట్టుకుని ఎడ్నా అంది: “రోజూ పొద్దున్న ‘బాగా నిద్ర పట్టిందా?’ అని అడుగుతాడు మేవిస్. పట్టిందంటే ‘సంతోషం’ అంటాడు. అంతే. ఆ తర్వాత మాకు మాటల్లేవు. రెండు రోజులకు సరిపడా మాటలే ఉన్నాయి మా దగ్గర.”

“కొత్త కదా. సర్దుకుంటాడు.”

“ఆయన సంగతి వదిలెయ్. నేనే సర్దుకోలేకపోతున్నాను.”

ఫిబ్రవరిలో ఒక గురువారం నాకు జలుబు చేసి ఇంట్లో ఉన్నాను. పెరట్లోకి చూస్తే ఎడ్నా తొట్టి ముందు వంగి ఉంది. ఆ రోజు పని ఎగ్గొట్టింది కాబోలు. విల్ఫ్ తెల్లకోట్లు రెండూ, చొక్కాలు, లాగులు, చేతిగుడ్డలతో సహా ఉతికి తీగ మీద ఆరేస్తోంది. మా వీధిలో గురువారం నిండిన తీగను నేను చూడటం అదే మొదలు.

విల్ఫ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

“ఇవాళ గురువారం కదా ఎడ్నా,” అన్నాడు.

“అవును, గురువారమే.”

సాయంత్రం విల్ఫే క్లిప్పులు తీసి, ఇంకా చెమ్మగా ఉన్న బట్టలు మడిచి పెట్టెలో సర్దుకున్నాడు. శనివారం తీరం వెంబడి ఉన్న బోర్న్‌మౌత్‌లో ఒక హోటల్లో పనికి కుదిరాడు. ఉండటం కూడా అక్కడే. మొదట్లో రెండు వారాలకోసారి మంగళవారం వచ్చాడు. ఎడ్నా మళ్లీ మంచి పింగాణీ తీసేది. ఆ రెండు రోజులూ గోడ అవతల మాటలు వినిపించేవి. నాకు ఆశ పుట్టింది. వేసవిలో రావడం మానేశాడు. కారణం ఎవరూ చెప్పలేదు. మూడో చలికాలంలో హోటల్ పైగదిలో అతని గుండె ఆగిపోయింది.

అప్పటికి మా లాండ్రీకి ఆసుపత్రి దుప్పట్లు వస్తున్నాయి. అంత్యక్రియలైన వారానికి ఎడ్నా పనిలోకి వచ్చింది. అడగకూడదనే అనుకున్నాను, అడిగేశాను.

“ఆ రోజు ఎందుకు ఉతికావు?”

ఆనాటికి నాలుగు నెలలుగా తొడగని కోట్లవి.

“మురికిపట్టాయి మేవిస్,” అంది. రోలర్ల నుంచి ఇంకో దుప్పటి వచ్చింది. తన కొస తను పట్టుకుని నాకోసం చూసింది.