కాళ్ళు పెట్టుకునే చోటు

గండికోటలో ఎడారి ఉందని లోకానికి చెప్పింది నేనే. అక్కడ లోయ అంచున పది పన్నెండు గుడారాలు వేసిన ఒక క్యాంపుకు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ప్రకటనలు రాసిపెట్టడం నా ఉద్యోగం. నిజానికి అక్కడున్నది బండ, తుమ్మచెట్లు, ఎర్రమట్టి, కింద ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళుండే పెన్న. బండ మీద క్యాంపు అంటే ఎవరూ రారు కాబట్టి 'ఎడారి రాత్రులు' అని రాశాను. వచ్చారు. ఒంటెలేవని అడిగినవాళ్ళకు అవి సెలవులో ఉన్నాయని చెప్పమన్నాను.

గుడారంలో మగ్గం పెట్టి నేసి చూపిస్తే బాగుంటుందని ఒకరోజు ఆ క్యాంపు మేనేజరుకు తోచింది. మా ఇంట్లో మగ్గం ఉంది, మా నాయన ఉన్నాడు, ఇద్దరికీ పని తగ్గింది. అలా ఆయన్ని వెంటబెట్టుకుని బయలుదేరాను.

వచ్చేముందు మా నాయన అమ్మతో, ఇంట్లో ఒక పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, మిగిలుందని, అది అక్కడ నేసి, అయిపోయాక కోసేస్తానని చెప్పాడు. నేత ఇళ్ళలో ఇది చిన్న మాట కాదు. చీర దిగాక మగ్గాన్ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. దువ్వెనలాంటి అచ్చులో పాత పోగులు జానెడు విడిచిపెడతారు. కొత్త పడుగు వచ్చినప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకుని, ఆ పాత కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. ఆ జానెడూ కోసేస్తే ఇక ఆ ఇంట్లో నేత లేనట్టే. అమ్మ అచ్చును తన పాత చీరలో చుట్టి ఇచ్చింది. పసిపిల్లను ఇచ్చినట్టు ఇచ్చిందని రాయొచ్చు కానీ, పసిపిల్లను ఎవరూ సుతిలి తాడుతో అంత బిగించి కట్టరు.

దారిలో అంగళ్ళు చూసుకుంటూ పోదామన్నాడు మా నాయన. సంచిలో నాలుగు చీరలు పెట్టుకున్నాడు. ఎవరైనా తీసుకుంటే ఆ కోసే మాట వెనక్కి తీసుకుంటాడని నాకు అర్థమైంది. అర్థం కానట్టే ఉన్నాను.

కర్నూలు పాతబస్తీలో, నేను పుట్టకముందు నుంచీ మా చీరలు తీసుకుంటున్న అంగడి ఒకటుంది. సేటు తెల్ల పరుపు మీద కూర్చుని ఉన్నాడు. టీ తెప్పించాడు. మా నాయన మోకాళ్ళ గురించి అడిగాడు, తన మోకాళ్ళ గురించి చెప్పాడు. చీరల మూట మాత్రం ముట్టుకోలేదు. విప్పి చూడమని మా నాయన రెండుసార్లు అడిగాడు.

"విప్పనప్పా. విప్పితే వద్దనేదానికి మనసు రాదు."

బయటికొచ్చాక మా నాయన మూటను మళ్ళీ సంచిలో సర్దుకున్నాడు. తర్వాత, టీ బాగుందన్నాడు.

ఓర్వకల్లు దగ్గర రాతికొండల మీదుగా విమానం దిగుతుంటే బస్సంతా కిటికీల వైపు వంగింది. ఒళ్ళో అచ్చు ఉందని మా నాయన వంగలేదు. ప్రొద్దుటూరు అంగడికి అద్దాల తలుపులు, లోపల చల్లగాలి. అక్కడి గుమాస్తా చీర విప్పాడు, ఫొటో తీసుకున్నాడు, పొద్దున చెబితే సాయంత్రానికి మరమగ్గం మీద ఇలాంటిదే వస్తుందని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. మడత మాత్రం తప్పుగా పెట్టాడు. మా నాయన ఆ చీరను మళ్ళీ మొత్తం విప్పి, సరిగ్గా మడిచి, సంచిలో పెట్టుకున్నాడు. రెండు పెద్ద బజార్లు తిరిగితే మాకు దక్కింది ఒక టీ, ఒక ఫొటో.

జమ్మలమడుగు నుంచి ఆటోలో వెళ్ళాం. దిగి చుట్టూ చూశాడు.

"ఎడారంటే ఇదేనామ్మే? మన ఊరి చేన్లు గుడక ఇట్లనే ఉండాయి కదా."

"మన చేన్లకు టికెట్ లేదు నాయనా."

గుడారంలో ఎర్ర తివాచీ పరిచారు. దాని మీద మేనేజరు ఎక్కడి నుంచో తెప్పించిన పాత మగ్గం కట్టెలు నిలబెట్టి, పూలదండ కూడా వేశాడు. మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అంతా బాగుండాది. నా కాళ్ళు యాడ పెట్టుకునేది?"

మాది గుంత మగ్గం. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, అడుగునున్న కట్టెలు తొక్కుతూ నేస్తారు. మేనేజరుకు ఆ సంగతి తెలియకపోవడం న్యాయమే. చిన్నప్పుడు ఆ గుంతలో దాక్కుని ఆడుకున్నది నేను. ఫోన్‌లో కొలతలన్నీ పంపి, గుంత పంపడం మరిచిపోయాను.

తివాచీ తీసి గడ్డపార వేయించారు. జానెడు దిగి ఠంగుమంది. ఇంకోచోట వేశారు, అక్కడా బండే. మా నాయన అచ్చు మూట చంకన పెట్టుకుని, ఆటో వెళ్ళిపోయిందా అని చూశాడు. గుడారాల తాళ్ళు బిగించే పెద్దాయన అంతసేపూ పక్కనే నిలబడి ఉన్నాడు. బండల గనిలో పనిచేసి వచ్చినవాడు.

"గుంత కిందికే ఉండాలని యాడన్నా రాసిండారా అప్పా?" అన్నాడు.

మా నాయన ఆ ప్రశ్న గురించి నేననుకున్నదానికంటే ఎక్కువసేపు ఆలోచించాడు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి కడప బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో కాళ్ళు పట్టేంత ఖాళీ విడిచి, నడుమెత్తు దిమ్మె కట్టారు. నేలలో ఉండాల్సిన గుంత గాలిలోకి లేచింది. దాని మీద మా నాయన సభాధ్యక్షుడిలా కూర్చున్నాడు.

రెండు రోజులు ఇద్దరం బూడిద వేళ్ళతో పోగులు అతికాం. నేత మొదలుపెట్టాక అసలు చిక్కు తెలిసింది. ఇంట్లో గుంతలో చెమ్మ ఉంటుంది, నూలు మెత్తగా సాగుతుంది. ఇక్కడ లోయ గాలికి పోగులు ఎండిపోయి తెగేవి. దిమ్మె లోపల తడి గోనెపట్టాలు పరిచినా తెగేవి. ఆయన ఆగి, వంగి, అతికి, మళ్ళీ నేసేవాడు. వచ్చినవాళ్ళకు నేత కంటే ఆ అతకడమే నచ్చింది. పోగు తెగితే చాలు, ఫోన్లు పైకి లేచేవి. మా నాయనకు అది అవమానం, నాకు ప్రచారం.

ఒకావిడ, తెగితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలా అని అడిగింది.

"మొదలుపెట్టేదేమీ లేదమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "మా నాయన కాలం నుంచి అతుకుతానే ఉండాం. ఇది అదే."

ఆ గుడారం మొత్తంలో చెమ్మ కనిపించింది ఆవిడ కళ్ళలోనే. ఇన్నేళ్ళ మధ్యలో ఒకసారి ఎలుకలు పోగులన్నీ కొరికేస్తే కొత్త అచ్చు కొన్నారని నాకు తెలుసు. చెప్పలేదు. ఆ మాట అన్నాక ఆయన చెయ్యి కూడా కాసేపు ఆగింది. తను అన్నది తనే అప్పుడు విన్నట్టున్నాడు.

పడుగు అయిపోయిన రోజు మేనేజరు పళ్ళెంలో కత్తెర పెట్టుకొచ్చాడు. ప్రారంభోత్సవానికి పళ్ళెం తేవడం చూశాను గానీ, ముగింపుకు తేవడం అదే మొదటిసారి చూడటం. మా నాయన చీర కోశాడు. చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కత్తెర కింద పెట్టలేదు. అచ్చులో మిగిలిన పోగుల మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉన్నాడు. ఏదైనా జోకు వేద్దామని వెతుక్కున్నాను, దొరకలేదు. కాసేపటికి కత్తెర పళ్ళెంలో పెట్టేసి, ఆ జానెడు పోగులను పాయలు పాయలుగా ముడివేయడం మొదలుపెట్టాడు.

"కోసేస్తానన్నావు కదా నాయనా."

"కోసినా కదమ్మే. చీర."

అమ్మకు ఫోన్ చేసి, పడుగు అయిపోయిందని చెప్పాను.

"ఎంత విడిచినాడు?"

"జానెడు."

"సరే. సుతిలి బిగించి కట్టమను," అని పెట్టేసింది.