మేస్త్రీ ఎడమ చేయి

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతి చదువు నాది, మన్నించి చదవండి. మా పక్కింటి మేస్త్రీ పోయిన నెల చనిపోయాడు. పోలీసులు పట్టుకుపోవడానికి వచ్చినప్పుడు, మా ఊరి బస్టాపు దగ్గర, నా కళ్ళ ముందే.

హోసూరు దగ్గర మా తళి చుట్టుపక్కల చాలా ఇళ్ళు ఆయన కట్టినవే. ముప్పై ఏళ్ళు నేను ఆయనకు ఇటుకలు అందించాను. ఒకసారి సగం కట్టిన మిద్దె మీది నుంచి పడి ఆయన ఎడమ భుజం పాడైంది. ఆ చేయి వెనక్కి పోదు. పనయ్యాక ఆయన చొక్కా మార్చుకుంటుంటే ఎడమ చేతి వైపు నేను పట్టుకునేవాణ్ణి.

"దొరకి చొక్కా తొడగతా ఉండావా?" అని కూలీలు నవ్వేవాళ్ళు.

"మీకు కుళ్ళప్పా. ఇట్లాంటోడు మీకు యాడ దొరకతాడు?" అనేవాడు మేస్త్రీ.

గోడ వంగితే మాత్రం నవ్వు ఉండదు. "అందరమూ కట్టినామని చెప్పొద్దండప్పా. ఈ ఇటుకల వరస ఎవరు పెట్టినారు?" అని అడిగేవాడు. తనదైతే "నాదే" అని తనే విప్పేవాడు.

ఆ రోజు సాయంత్రం మేము పని నుంచి వస్తుంటే బస్టాపు దగ్గరికి వచ్చింది ఇద్దరు పోలీసులు. ఎవరి తోటలోనో నీళ్ళ మోటారు పోతే ఈయన మీద అనుమానం చెప్పారట. పెద్ద పోలీసు చేతులు వెనక్కి పెట్టమన్నాడు. కుడి చేయి పోయింది, ఎడమది పోలేదు. ఎదురు తిరుగుతున్నాడనుకుని బోర్లా పడేసి, ఆ చేయి మెలితిప్పి, వీపు మీద మోకాలు పెట్టాడు. కుర్ర పోలీసు కాళ్ళు పట్టుకున్నాడు. "చేయి రాదు సామీ" అని రెండుసార్లు వినిపించింది. మూడోసారి వినిపించలేదు.

ఇప్పుడు టీ అంగట్లో ఇదే మాట.

"చిన్నోడిదేముందప్పా? పెద్దోడు చెప్పినాడు, పట్టుకున్నాడు."

"వాడు వదిలింటే మేస్త్రీ పక్కకి తిరిగేవాడు కదా. ఊపిరాడేది."

"పంపించినోణ్ణి అడగల్ల ముందు."

మేస్త్రీ భార్య ఆ దారిన పోతూ నిలబడింది. "పోలీసోళ్ళు పోలీసోళ్ళు అంటా ఉండారు. మోకాలు పెట్టింది ఒకడు. కాళ్ళు పట్టింది ఒకడు. ఎవరి పని వాళ్ళ పేరుతో చెప్పండి." తర్వాత నా వైపు తిరిగింది. "అన్నా, ఆ చేయి వెనక్కి పోదని నీకు తెలుసు కదా. ఆడనే ఉండినావు కదా."

ఉన్నాను. ఆ చేయి వెనక్కి పోదని పోలీసులకి చెప్పలేదు. ఆ వరస నేను పెట్టిందే.

వచ్చే వారం హోసూరులో విచారణ. ఆ ఇద్దరిలో ఎవరేం చేశారో చెబుతాను, నేను చెప్పనిదీ చెబుతాను. ఒక్కడిని, మాట తక్కువ మనిషిని. ఆ రోజు అక్కడ బస్సు కోసం నిలబడినవాళ్ళు ఇది చదివే మీలో ఉంటే, చూసింది చూసినట్టు తొందరగా నాకు జాబు రాయండి.

ఆయన ఆ సాయంత్రం విప్పిన పని చొక్కా నా సంచిలోనే ఉండిపోయింది. నిన్న దులుపుదామని తీశాను. ఎడమ చేతి వైపు ఎప్పటిలాగే పట్టుకున్నాను.