ఫోటో వెనకవైపు

ఆఫీసులో ఆమెను అందరూ ‘మిషను’ అనేవారు. వెక్కిరింత కాదండోయ్, మెచ్చుకోలే. పాత పిచ్చాసుపత్రి మూతపడ్డాక అక్కడి ఫోటోలన్నీ లైబ్రరీ మేడమీదికి చేరాయి. వాటిని స్కాన్ చేసి వెబ్‌సైటుకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఫోటోను అద్దం మీద బోర్లా పెట్టేది, వెనకవైపు ఉన్న రాతను చకచకా టైపు చేసేది, మూత వేసి మీట నొక్కేది. పక్క కుర్చీ ఆవిడ ఒక్కో మొహాన్నీ చూసి నిట్టూరుస్తూ ఒక డబ్బా ముగించేలోపు ఈమె డబ్బాల మీద డబ్బాలు ఖాళీ చేసేది. మొహాలు చూసే తీరికా లేదు, అవసరమూ రాలేదు. తెరమీద బొమ్మ వంకరగా లేకపోతే చాలు.

సూపరింటెండెంటు గారి మాటా అదే. “ఉన్నది ఉన్నట్టు కొట్టమ్మా. సొంత తెలివి వద్దు.”

ఒకరోజు పక్క కుర్చీ ఆవిడ ఒక రాత దగ్గర ఆగిపోయింది. “ఇలాంటి మాటలు ఎలా పెడతామండీ? వీళ్ళలో బతికున్నవాళ్ళు ఉంటారేమో, ఒకమాట అడగొద్దా?”

“అందర్నీ అడుగుతూ కూర్చుంటే తెల్లారినట్టే!” అంది మిషను. గదంతా నవ్వింది. తన మాటకి నలుగురూ నవ్వారని ఆరోజు ఆమె ఎంత పొంగిపోయిందో!

వెబ్‌సైటు ప్రారంభానికి హాల్లో పెద్ద తెర కట్టారు. ఆమె పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. తల్లి పోయాక బట్టలు కుట్టి ఆమెను పెంచి, చదివించింది ఈ పిన్నే. ఒకరిని ఒక మాట అనదు, ఒకరిచేత అనిపించుకోదు. పెళ్ళయిన కొత్తలో పసిబిడ్డ పోయి ‘మనిషి కొన్నాళ్ళు బాగాలేదు’ అని ఇంట్లో గుసగుసలాడేవారు. అంతకుమించి ఎవరూ నోరు విప్పలేదు, ఈమె అడగనూలేదు.

తెరమీద ముందు డాక్టర్లు వచ్చారు, పేర్లూ డిగ్రీలతో సహా. ఆ తర్వాత మంచం అంచున ఓ పడుచుపిల్ల. జుట్టు కురచగా కత్తిరించేశారు, ఒంటిమీద బట్ట సరిగా లేదు. కింద రాత: ‘పిచ్చిది. రెండో వార్డు. అయినవాళ్ళు రారు.’

ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. చిన్నప్పుడు నిద్ర పట్టకపోతే తను వేలితో తడుముతూ పడుకున్న మచ్చే. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్ని రెప్ప వేయకుండా తెరవైపే చూస్తోంది.

“ఎవరే ఇది రాసింది?” అంది మెల్లగా.

‘నేనే’ అనబోయి మాట మార్చేసింది. “ఎవరో ఆసుపత్రి వాళ్ళు పిన్నీ, పాతవాళ్ళు” అంది. పూర్తిగా అబద్ధమూ కాదు. అలాంటి మాట వెతుక్కున్నందుకే ఆమెకు తనమీద తనకి అసహ్యం వేసింది.

పిన్నిని గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపలికి పరిగెత్తి, సూపరింటెండెంటు గారిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలి ఆ ఫోటో తీయించేసింది. హమ్మయ్య అనుకుంది.

ఇంటికొచ్చాక పిన్ని ఏమీ జరగనట్టు కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ నిదానం ఈమెను నిలువునా కోసేసింది. సాయంత్రానికి ఇక ఉండబట్టలేక పిన్ని కాళ్ళ దగ్గర కూలబడి, “అది కొట్టింది నేనే పిన్నీ” అని ఏడ్చేసింది.

“తెలుసు. కింద ‘నమోదు చేసినవారు’ అని నీ పేరు ఉందిగా, ఇంటిపేరుతో సహా. నాకే లేదు పేరు.”

సిగ్గుతో ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. “మొహం చూడలేదు పిన్నీ, ఒట్టు! చూసుంటే పెట్టేదాన్నా?”

పిన్ని కుట్టడం ఆపింది. “చూసుంటే నన్ను తీసేసేదానివి, అంతేగా? తెరమీద నా తర్వాత వచ్చిన పిల్లది ఆసుపత్రిలో నా పక్క మంచమే. నేను నోరు తెరవకపోతే పక్కన కూర్చుని ముద్దలు తినిపించేది. దానికీ ‘పిచ్చిది’ అనే ఉంది.”

పిన్ని దారం తెంపి ఈమెవైపు తిరిగింది.

“దాన్నీ తీయించావా?”

తీయించలేదు. ఆ పిల్ల మొహం కూడా ఆమె చూడలేదు.