వెంట్రుక పక్కన గీత

నాచారంలో ఉమారాణికి ముక్కు మీద కోపం అని పేరు. ఊరికే రాలేదు ఆ పేరు. పాలలో నీళ్ళు కలిసినా, ఉప్పల్ దాకా ఆటోవాడు ఎక్కువ అడిగినా వీధి వీధంతటికీ తెలిసిపోయేది. అత్తవారి జొన్నచేను ఒకప్పుడున్న చోట ఇప్పుడన్నీ షెడ్లే. వాటిలో ఒక టెస్టింగ్ ల్యాబులో ఆమెకు ఉద్యోగం. కంటికి పెట్టుకునే ఆయింట్‌మెంటును మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి, మూలన సాఫ్ట్‌వేర్‌తో స్కేల్ బార్ వేయాలి. ఆ చిన్న తెల్లగీతతో పోల్చి చూస్తేనే మందులో పలుకు ఎంత పెద్దదో తెలుస్తుంది. పెద్ద పలుకైతే కన్ను గీసుకుపోతుంది మరి.

అత్త శంకరమ్మకు కంటి ఆపరేషన్ అయింది. మందుల కంపెనీ వాళ్ళు ల్యాబులో అందరికీ ఊరికే పంచిన ట్యూబుల్లో ఒకటి ఉమారాణి ఇంటికి తెచ్చింది. తాను చూసి పాస్ చేసిందేనని గొప్పలు కూడా పోయింది.

"ఏందో బిడ్డా, ఇది వెట్టుకుంటే కండ్లల్ల ఇసుక వోసినట్టున్నది" అంది శంకరమ్మ రెండ్రోజులకే.

ఉమారాణికి చుర్రుమంది. "నేను సూసిన మందుల ఇసుకేంది అత్తమ్మా? కన్ను నలుపుకునేది నువ్వు, తప్పు మందుదా?"

వారం తిరక్కుండానే ముసలామె కన్ను వాచింది. హబ్సిగూడ దవాఖానాలో డాక్టరమ్మ చూసి, నల్లగుడ్డు మీద గీతలు పడ్డాయి, ఆ మందు ఆపెయ్యండి అంది. చూపు నిలుస్తుందా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేనంది.

ఉమారాణి అత్తను ఇంట్లో దింపి నేరుగా ల్యాబుకు వెళ్ళింది. ఆ ట్యూబులోంచే కొంచెం తీసి ఫొటో తీసి బార్ వేసింది. పలుకులన్నీ హద్దులోనే ఉన్నాయి. మళ్ళీ పాసే! ఒళ్ళు మండిపోయి, జడలోంచి వెంట్రుక ఒకటి పీకి అదే లెన్సు కింద పెట్టింది. కొత్తగా చేరినప్పుడు సరదాకి కొలుచుకుంటే తన వెంట్రుక లావు ఎనభై మైక్రాన్లు. ఇప్పుడు బార్ ప్రకారం నలభై. మనిషి చిక్కిపోతుంది గానీ వెంట్రుక సగానికి చిక్కుతుందా?

అప్పుడు కెమెరా వంక చూసింది. పాతది పాడైతే ఎండాకాలంలో మేనేజర్ గిరిధర్ కొత్తది బిగించాడు. కొత్తదాంట్లో ప్రతిదీ సగం సైజులో పడుతోంది, సాఫ్ట్‌వేర్ మాత్రం పాత లెక్కతోనే గీత గీస్తోంది. కొలతగీతలున్న గాజు స్లైడు పెట్టి లెక్క సరిచేయించానని ఆ మహానుభావుడు అందరికీ చెప్పాడు. బీరువా అంతా వెతికినా అలాంటి స్లైడే లేదు. ఉన్నవి ఎప్పుడో పగిలిన పాత స్లైడు ముక్కలే.

"సార్, సరిచేయించిన అన్నరు. స్లైడేది?"

గిరిధర్ తలెత్తలేదు. "మూలనున్న గీత ఎవరు చూస్తారు ఉమారాణీ? ఇకమీద సరిచేద్దాం. పాతవి కదిలించకు. వాటి మీద సంతకం నీది."

"ఎవరు సూస్తరా? మా అత్త కన్ను సూసింది సార్!"

ఆ కేక రోడ్డు మీదికి వినిపించింది. ఆ కోపంలోనే కూర్చుని, వెంట్రుక ఫొటో జతచేసి కంపెనీకి మెయిల్ రాసింది. కొత్త కెమెరా వచ్చినప్పటి నుంచీ గీతలన్నీ తప్పు, పలుకులు రెట్టింపున్నాయి, సరుకు వెనక్కి తెప్పించండి, పాస్ చేసింది నేనే అని.

"అది పంపితే రేపట్నుంచి రాకు" అన్నాడు గిరిధర్.

పంపింది.

ఇంట్లో శంకరమ్మ కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. ఉమారాణి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"నువ్వు జెప్పిందే నిజం అత్తమ్మా. నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టిన."

శంకరమ్మ తడుముకుంటూ కోడలి తల మీద చెయ్యి వేసింది.

"తిట్టినవని గాదు బిడ్డా. నువ్వు సూసిన మందు గదా అని, మండుతున్నా రోజూ వెట్టుకున్న."